నత్తగుల్ల అమ్ముడుపోయిన రోజు

కస్మాది మోటార్ సైకిల్‌ని ఎడమ పక్కకి వంచి, పెట్రోలు ఇంజన్‌లోకి దిగేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు. రోజూ పొద్దున్నే ఈ మర్యాద జరిగితే తప్ప ఆ బండి కదలదు. తరవాత కిక్ కొట్టాడు. మొదటిసారి దగ్గింది, రెండోసారి ఉమ్మింది, మూడోసారి అందుకుంది. నీలంపొగ వాకిట్లో కోళ్ల మీదుగా సాగి పక్కింటి గోడకి తగిలి విడిపోయింది.

లోపల్నించి కూతురు ఉమయా తల బయటపెట్టి చూసింది. తండ్రి ఒంటిమీద పెళ్లిళ్లకి మాత్రమే బయటికొచ్చే బాతిక్ చొక్కా ఉంది.

"ఎవరి పెళ్లి నాన్నా?"

"నోటరీ ఆఫీసుకి."

"నోటరీ ఆఫీసుకి సెంటు కూడా కొట్టుకెళ్తారా?"

"అది నువ్వు ఇస్త్రీకి చల్లే నీళ్ల వాసన," అన్నాడు కస్మాది. చొక్కా మీద జాకెట్ తొడుక్కుని గొంతుదాకా జిప్ లాక్కున్నాడు. ఎంత ఎండలోనైనా బండి మీద అతనికి జాకెట్ ఉండాల్సిందే. ఛాతీకి గాలి తగిలితే జబ్బు చేస్తుందని భార్య ఎప్పుడో చెప్పిన మాట. ఆవిడ పోయి చాలా ఏళ్లయినా జాకెట్ మాత్రం వదల్లేదు.

అరవై దాటిన మనిషి. బక్కగా ఉంటాడు. ఎడమ భుజం కుడిదానికన్నా కాస్త కిందికి ఉంటుంది. కుర్రతనంలో సైకిలుకి మేకల్ని కట్టి సంతకి తీసుకెళ్లేవాడు. మేకల తరవాత పాత కుట్టుమిషన్లు, తరవాత సెకండ్‌హ్యాండ్ మోటార్లు, ఆ తరవాత స్థలాలు, ఇళ్లు. స్లావీ ఊళ్లో సగం ఇళ్ల తాళాలు ఏదో ఒక రోజున అతని జేబులో ఉండి వెళ్లినవే. అతనుండేది మాత్రం కూతురి ఇంట్లో వెనకగది. దానికి తలుపు లేదు, తెర ఉంది.

రైల్వే గేటు దగ్గర ముర్నీ టీ కొట్టులో ఎప్పటిలాగే ఇద్దరు ముగ్గురు దళారీలు బెంచీ మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉన్నారు. కస్మాది హెల్మెట్ తీసేలోపే తసీరన్ అందుకున్నాడు. అతనూ ఇళ్ల బ్రోకరే. వయసులో పదిహేనేళ్లు చిన్న, నోరు మాత్రం పెద్ద.

"నత్తగుల్ల ఇవాళ పోతోందటగా మావా."

"పోతోంది."

"నాకో సంగతి చెప్పు. ఏ ఇల్లయినా నీ చేతిలో పడితే మూణ్ణెల్లు. అదొక్కటే ఆరేళ్లు. లోపం బిల్డింగ్‌లోనా, బ్రోకర్‌లోనా?"

"బిల్డింగ్‌లోనే. దాని కట్టుబడే అంత," అన్నాడు కస్మాది.

"కట్టుబడి నువ్వేం చేస్తావులే అన్నా," అంది ముర్నీ, నూనెలోంచి పిండి పెట్టిన టోఫు ముక్కల్ని తీసి జల్లెడలో వేస్తూ. "ఆ గోడలకి కాళ్లుంటే విసుగొచ్చి వాటంతటవే నడిచిపోయేవి. మరి వచ్చే వారం నుంచి గురువారం గురువారం ఎక్కడికెళ్తావు?"

కస్మాది ఎప్పుడూ తీసుకునేంతే పొట్లం కట్టమని చెయ్యి చూపించాడు. ముర్నీ పొట్లం కట్టి, అడక్కుండానే పైన నాలుగు పచ్చిమిరపకాయలు పెట్టింది.

ఊళ్లో అందరూ నత్తగుల్ల అనే ఆ భవనం ఒకప్పటి మల్లెటీ కార్ఖానా. వీధిలోంచి చూస్తే పొడుగాటి తెల్లగోడ, అందులో ఒకే ఒక్క తలుపు. కిటికీలు లేవు. మిగతా మూడు వైపులా పక్కవాళ్ల గోడలు ఆనుకుని ఉన్నాయి. తలుపు తీసి లోపలికి వెళితే ఒక గది. ఆ గదికి అవతలి మూల ఇంకో తలుపు, అందులోంచి ఇంకో గది. ఎక్కడా నడవా లేదు. గదిలోంచి గదిలోకి, వెళ్లినకొద్దీ కుడివైపుకి తిరుగుతూ, ఒకదానికన్నా ఒకటి చిన్నదవుతూ, ఏడు గదులు చుట్టుకుని లోపలికి పోతాయి. చిట్టచివర మధ్యలో ఆకాశం కనబడే చిన్న పెరడు, ఒక నుయ్యి, నూతి పక్కన వంటిల్లు, పడగ్గది. వీధిలో నిలబడి కేకేస్తే అక్కడికి వినబడదు.

కట్టించిన పెద్దాయన టీ ఆకు ఏ వాసన తగిలినా పీల్చేసుకుంటుందని, వీధిలోని పెట్రోలు కంపుకి మల్లెమొగ్గలు ఆమడ దూరంలో ఉండాలని అలా కట్టించాడని ఇంటివాళ్లు చెప్పేవారు. ఒక్క తలుపుంటే ఒక్క కాపలా చాలని, పనివాళ్లు జేబుల్లో టీ పొడి పోసుకుని పోకుండా కట్టించాడని పనివాళ్లు చెప్పేవారు. రెండూ నిజమే కావచ్చు. కొనడానికి వచ్చినవాళ్లకి మాత్రం రెండూ అక్కర్లేకపోయాయి. గోడౌన్ కోసం వచ్చినాయన, లారీ ఎటునుంచి వస్తుందన్నాడు. బడి పెట్టాలని వచ్చినాయన, నిప్పంటుకుంటే పిల్లలు ఎటు పరిగెత్తాలన్నాడు. చీకటి గదులు కదా, సూపుకి అమ్ముడయ్యే గూళ్లు కట్టే పిట్టల్ని పెంచుదామని వచ్చినాయన గోడ దగ్గర ముక్కు పెట్టి చూసి, ఈ మల్లెవాసనకి పిట్ట కాదు కదా ఈక కూడా రాదన్నాడు. సెమరాంగ్ నుంచి కాఫీ హోటల్ పెడతామని వచ్చిన కుర్రకారు ప్రతి తలుపులోనూ నిలబడి ఫొటోలు తీసుకుని, ఫోన్ చేస్తామని చెప్పి వెళ్లిపోయారు.

వాళ్లందర్నీ తీసుకొచ్చింది కస్మాదే. ఎవరూ రాని వారాల్లో కూడా గురువారం అతనొక్కడే వచ్చేవాడు. ఖాళీగా పడున్న గదుల తలుపులు తీసి గాలి ఆడనివ్వకపోతే చెక్క పాడవుతుందని మొదట్లో అన్నాడు. తరవాత ఏ కారణమూ చెప్పలేదు. భర్త పోయాక ఆ పెరటి గదిలో ఒక్కతే ఉంటున్న ఇంటావిడ లియాన్‌గారూ అడగలేదు.

ఇవాళ కూడా తలుపులన్నీ ఒక్కొక్కటిగా తెరుచుకుంటూ లోపలికి వెళ్లాడు. గదులు బోసిగా ఉన్నాయి. ఆకు ఆరబెట్టే వెదురు చాటలు ఎవరో కొనుక్కుపోయారు. గచ్చు మీద అవి ఉన్నచోట గుండ్రటి మచ్చలు మిగిలాయి. పెరట్లోకి వచ్చేసరికి లియాన్‌గారు నూతి గట్టు మీద కూర్చుని చెప్పులకి బకిల్ పెట్టుకుంటోంది. ఎప్పుడూ పూల నైటీలో కనబడే మనిషి ఇవాళ ప్యాంటు, చేతులున్న తెల్ల చొక్కా వేసుకుంది. పొట్టి మనిషి. నెరిసిన జుట్టు చెవుల కిందికి కత్తిరించి ఉంటుంది. పెరట్లో రెండు సంచులు, తాడు కట్టిన ఒక అట్టపెట్టె ఉన్నాయి.

"తిన్నారా?" అంది.

"మీరు?"

"మీ పొట్లం కోసమే చూస్తున్నా."

భార్య పోయాక కస్మాదిని గుమ్మంలో అడుగుపెట్టగానే తిన్నావా అని అడిగిన ఇల్లు ఇదొక్కటే. కూతురు మంచిదే, వేళకి అన్నం మూతపెట్టి ఉంచుతుంది. కాని ఆమెకి ఫ్యాక్టరీ షిఫ్టులు, పిల్లలు. ఇక్కడ నూతి దగ్గర రెండు పీటలు వేసి ఉండేవి. చిన్న మట్టి కూజాలో టీ ఆకు మీద మరిగిన నీళ్లు పోసి, మట్టి కప్పులో పటికబెల్లం ముక్క వేసి, దాని మీద టీ పోసేది లియాన్‌గారు. చెంచా ఇవ్వదు. మొదటి గుక్క చేదుగా, వగరుగా ఉంటుంది. మళ్లీ మళ్లీ పోసుకుంటూ ఉంటే తీపి తనంతట తనే పైకొస్తుంది. ఆ తీపి వచ్చేదాకా లేవడానికి వీల్లేదు. ఆ వేళంతా ఇద్దరూ ఏవో మాట్లాడుకునేవారు. ధరలు, మోకాళ్ల నొప్పులు, పోయిన వాళ్ల పంటినొప్పులు. కొత్త కోడలిగా పుట్టినూరు సలతిగా నుంచి వచ్చిన మొదటిరోజు ఈ గదుల్లో దారితప్పి ఏడ్చానని, ఏడుపు విని అత్తగారు వెతుక్కుంటూ వచ్చిందని ఆవిడ ఎన్నోసార్లు చెప్పింది. ప్రతిసారీ అతను మొదటిసారి విన్నట్టే విన్నాడు.

టోఫు తిన్నాక ఆవిడ చెయ్యి కడుక్కుని, "ఆలస్యమవుతుందేమో," అంది.

కస్మాది రెండో హెల్మెట్ అందించాడు. ఆవిడ అతని బండి ఎక్కడం అదే మొదటిసారి. చేతిసంచీని ఇద్దరి మధ్యా పెట్టుకుని, వెనక ఇనప కడ్డీ పట్టుకుని కూర్చుంది. గోతులున్న చోటల్లా అతను బండిని నడకకన్నా నిదానంగా పోనిచ్చాడు. వెనకనుంచి సైకిలు మీద వచ్చిన ముసలాయన కూడా వాళ్లని దాటుకుపోయాడు.

"ఇలా వెళ్తే ఆఫీసు మూసేస్తారు," అంది లియాన్‌గారు.

"మూయరు. మనం లేకుండా వాళ్లకి మాత్రం ఏం పని?"

నోటరీ ఆఫీసులో ఏసీ చల్లదనానికి అతనికి దగ్గు వచ్చింది. కొనుగోలుదారు సుబేఖి అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నాడు. కొండ మీది పల్లెలో పుట్టగొడుగులు పెంచే మనిషి. నలభై ఏళ్లుంటాయి. గోళ్ల సందుల్లో రంపపు పొట్టు ఇంకా ఉంది. జకార్తాలో ఉన్న, లియాన్‌గారి భర్త తమ్ముడి కొడుకు తన వాటా సంతకం ముందే పంపేశాడు. ఇక మిగిలింది ఆవిడ సంతకమే.

నోటరీ పక్కగదిలోకి వెళ్లినప్పుడు సుబేఖి మర్యాదకోసం మాట కలిపాడు.

"మీ బిల్డింగ్ నాకోసమే కట్టినట్టుందమ్మా. మా పనిలో పొట్టు సంచులు నింపే గది వేరు, ఉడకబెట్టే గది వేరు, విత్తనం వేసే గదికి గాలి కూడా పరాయిది తగలకూడదు. ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి పోవాలి. ఎక్కడ దొరుకుతుంది అలాంటిది? అసలు కిందటి వానలు మొదలైనప్పుడే వచ్చేయాల్సింది."

"కిందటి వానలప్పుడా?" అంది లియాన్‌గారు.

"అవునమ్మా. కస్మాదిగారు అప్పుడే మా షెడ్లు చూసి, నీకు సరిపోయేది ఒకటుంది, కబురు చేస్తానన్నారు. వానలన్నీ వెళ్లిపోయాయి, కబురు లేదు. మర్చిపోయారేమో అనుకున్నా. ఏదైతేనేం, మాకే రాసిపెట్టి ఉంది."

కస్మాది టేబుల్ మీది గాజుపలక కింద పెట్టిన క్యాలెండర్ వైపు చూస్తూ ఉండిపోయాడు. అతను మర్చిపోలేదు. ఆరోజు ముర్నీ కొట్టులో పుట్టగొడుగుల బజ్జీలు తింటూ ఇవి ఎక్కణ్ణించి వస్తాయని అడిగి, ఊరికే చూద్దామని కొండెక్కాడు. షెడ్లన్నీ చూడగానే నత్తగుల్ల కళ్లముందు కదిలింది. దిగి వస్తూ దారిపొడుగునా ఈల వేశాడు. ఊరి పొలిమేరకి వచ్చేసరికి ఈల ఆగిపోయింది. ఆ గురువారం లియాన్‌గారికి చెబుదామనుకున్నాడు. తరవాతి గురువారం అనుకున్నాడు. వానలు జోరుగా పడుతున్నాయి, వానల్లో ఎవరు ఇల్లు మారతారు అనుకున్నాడు. వానలు తగ్గాయి. అప్పుడూ చెప్పలేదు.

ఉపవాసాలు ముగిసే లెబరాన్ పండగ ముందు ఒక గురువారం వెళ్లేసరికి ఆవిడ కప్పులో పటికబెల్లం వేయకుండానే టీ పోసింది. అతను ఆ చేదంతా తాగాడు. రెండో కప్పు పోస్తూ ఆవిడే చెప్పింది. సలతిగాలో చెల్లెలికి పక్షవాతం వచ్చింది, ఎడమ చెయ్యి లేవడం లేదు, పెళ్లీ పిల్లలూ లేని మనిషి, పక్కింటివాళ్లు అన్నం పెడుతున్నారు. ఈ ఇంటిని ఇలా వదిలేసి వెళ్తే ఒక్క వర్షాకాలానికి పైకప్పు కూలిపోతుంది, అమ్మకుండా ఎలా వెళ్లను, అంది. ఆవిడ అంతకుమించి ఏమీ అడగలేదు. మర్నాడు తెల్లవారకముందే కస్మాది బండి వంచి, కిక్ కొట్టి, కొండెక్కాడు.

నోటరీ తిరిగొచ్చాడు. లియాన్‌గారు కళ్లజోడు సర్దుకుని, చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. పెన్నుకి క్యాప్ పెట్టి, రెండు చేతులతో తిరిగి ఇచ్చింది. సాయంత్రం తాళాలకి వస్తానని సుబేఖి అన్నాడు. "కస్మాదిగారు ఇస్తారు," అందావిడ. అతని వైపు మాత్రం చూడలేదు.

వచ్చేటప్పుడు కూడా గోతుల దగ్గర అతను నిదానించాడు. తక్కిన చోట్ల కూడా నిదానంగానే పోయాడు. మెడ వెనక ఆవిడ మౌనం చెమటలాగా పట్టుకుంది. దళారీ బతుకులో అబద్ధాలు ఆడాడు, అందరూ ఆడేవే. నుయ్యి ఎండదని, పక్కింటివాళ్లు దేవుళ్లని. అవేవీ అతనికి నిద్ర చెడగొట్టలేదు. ఇది అబద్ధం కూడా కాదు, ఊరికే నోరు మూసుకోవడం. ఒక మనిషి వెళ్లాల్సిన చోటికి వెళ్లకుండా కొన్ని నెలలు ఆపడం. ఆ నెలల్లోనే చెల్లెలు పడిపోయింది. ఈవిడ అప్పటికే అక్కడ ఉండి ఉంటే?

పెరట్లోకి వచ్చాక ఆవిడ హెల్మెట్ తీసి ఇచ్చింది. వంటింట్లోకి వెళ్లి నీళ్లు పెట్టింది. కూజా, కప్పులు ఇంకా సర్దలేదు. కస్మాది కూర్చోలేదు, నూతి పక్కన నిలబడే ఉన్నాడు.

"కూర్చోండి."

కూర్చున్నాడు.

ఆవిడ పటికబెల్లం వేసి టీ పోసింది. కూజా మూత సర్ది పెట్టింది.

"కిందటి వానలప్పుడు మా చెల్లెలు బాగానే ఉంది," అంది.

కస్మాది తల ఎత్తలేదు.

"నేనూ ఇక్కడ బాగానే ఉన్నాను."

పక్కవాళ్ల గోడ మీద పిల్లి ఒకటి నడుచుకుంటూ వెళ్లింది. అది మూల తిరిగేదాకా ఇద్దరూ దాన్నే చూశారు.

"సలతిగాలో చలి ఎక్కువట," అన్నాడు కస్మాది.

"ఎక్కువే. స్వెట్టర్ ఉంది."

"అది చాలదేమో."

"చాలకపోతే అక్కడ కొనుక్కుంటాను." ఆవిడ అతని కప్పులో మళ్లీ పోసింది. "మీకు గురువారాలు టీ ఎవరు పోస్తారు?"

"ముర్నీ పోస్తుంది."

"ముర్నీ పంచదార ముందే కలిపేస్తుంది."

"కలిపేస్తుంది," అని ఒప్పుకున్నాడు కస్మాది.

ఇంకేదో అనాలి. ఏం అనాలో అతనికి తెలుసు, ఆవిడకీ తెలుసు. ఈ వయసులో, ఆవిడ గుడి వేరు, అతని నమాజు వేరు, చెల్లెలి చెయ్యి లేవడం లేదు. నోటిదాకా వచ్చిన మాటని టీతో పాటు మింగాడు. తీపి అప్పుడే పైకి వస్తోంది.

ఆవిడ ఫోన్ మోగింది. సలతిగా వెళ్లే ట్రావెల్ బండి డ్రైవర్. వీధిలో ఉన్నాను, ఇంకా ఇద్దర్ని ఎక్కించుకోవాలి, తొందరగా రండి అన్నాడు. ఆవిడ కూజా, కప్పులు కడిగి, తుడిచి, కాగితంలో చుట్టి అట్టపెట్టెలో పెట్టింది. వంటింట్లోకి వెళ్లి ఏవో సర్దింది. నీళ్ల చప్పుడు వినిపించింది. కస్మాది అట్టపెట్టెకి మళ్లీ తాడు బిగించి భుజానికెత్తుకున్నాడు. తగ్గుగా ఉండే భుజం మీద అది చక్కగా కుదురుకుంది.

సంచులు రెండూ ఒక చేత్తో పట్టుకుని ఆవిడ ముందు, అతను వెనక. గది దాటినప్పుడల్లా ఆవిడ చెయ్యి దానంతట అదే గోడ మీదికి పోయి లైటు ఆర్పేస్తోంది. రెండో గదిలో కస్మాది మోకాలు గడపకి కొట్టుకుంది.

"లియాన్‌గారూ, వెనక నేనున్నాను."

"అయ్యో, అలవాటు," అని ఆవిడ లైటు వేసింది. తరవాతి గదిలో మళ్లీ ఆర్పేసింది. చీకట్లో ఆవిడ నవ్వడం వినిపించింది, అతనూ నవ్వాడు. మిగతా గదులు అలాగే దాటారు. ఆవిడ ఆర్పడం, గుర్తొచ్చి వేయడం.

వీధిలో ఎండ కళ్లకి కొట్టింది. డ్రైవర్ సంచులు వెనక పడేశాడు. అట్టపెట్టెని మాత్రం కస్మాది తనే ఆవిడ కాళ్ల దగ్గర పెట్టాడు, అందులో మట్టి సామాను ఉందని. ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. గోడ వంక చూడలేదు. బండి స్టార్టయ్యాక అద్దం దించింది.

"నూతి మీద మూత వేశానో లేదో ఒకసారి చూడండి."

"చూస్తాను."

"వెళ్లేటప్పుడు జిప్ పెట్టుకోండి."

అతను జాకెట్ వేసుకోనేలేదు. అది లోపలే ఉంది. అయినా తలూపాడు. బండి రైల్వే గేటు వైపు తిరిగింది. గేటు పడి ఉన్నట్టుంది, చాలాసేపు బండి వెనక ఎర్ర లైటు కనబడుతూనే ఉంది. తరవాత కనబడలేదు.

కస్మాది స్టూలు తెచ్చుకుని తలుపు పైనున్న బోర్డు విప్పాడు. తన పేరు, ఫోన్ నంబరు ఎండకి వెలిసిపోయి ఉన్నాయి. దాన్ని గోడకి ఆనించి, గదుల్లోంచి గదుల్లోకి నడిచాడు. ఆవిడ వేసి వదిలేసిన లైట్లు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ వెళ్లాడు.

నూతి మీద మూత వేసే ఉంది. దాని మీద ఇటుక కూడా పెట్టింది. పీటలు గోడకి నిలబెట్టి ఉన్నాయి. వంటింట్లో ఏమీ లేదు, గూట్లో ఒక అగ్గిపుల్ల కూడా లేదు. జాకెట్ తీసుకుని వెళ్లిపోబోతూ అతను వంటింటి చూరు కింద ఆగాడు.

అక్కడ తాడు మీద వంటింటి తువ్వాలు ఒకటి ఆరేసి ఉంది. కప్పులు తుడిచాక ఉతికి, పిండి, ముడతలు దులిపి, గాలికి ఎగిరిపోకుండా రెండు కొసలకీ క్లిప్పులు పెట్టింది. సాయంత్రం వచ్చి తీసుకుంటాను అన్నట్టుగా.

తాళాలకి సుబేఖి రావడానికి ఇంకా పొద్దుంది. కస్మాది గోడకి ఉన్న పీట ఒకటి వాల్చుకుని కూర్చున్నాడు. ఎండ పెరట్లో సగం దాకా వచ్చి ఆగింది. తువ్వాలు నీలం అంచు నుంచి ఒక్కొక్క చుక్కే నూతి గచ్చు మీద పడుతోంది.